సూపర్‌హీరోయిన్ల బయోడేటాలో లేని గడి

వినే తీరిక లేనివాళ్ల కోసం ఎప్పటిలాగే మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈసారి ఒక రకం పుస్తకాల గురించి మాట్లాడుకుందాం. ఇక్కడ అమెరికాలో పబ్లిక్ లైబ్రరీకి వెళ్తే పిల్లల విభాగంలో మీకు కనబడే ఉంటాయి. పెద్ద సైజు, గట్టి అట్ట, నున్నటి కాగితం. పేజీ నిండా రంగుల బొమ్మ, పక్కన చిన్న అక్షరాల్లో వివరాలు. మార్వెల్ ఎన్‌సైక్లోపీడియా, డీసీ కామిక్స్ ఎన్‌సైక్లోపీడియా లాంటివి. ఈ మధ్య ఆడ సూపర్‌హీరోల కోసమే ప్రత్యేకంగా గైడ్లు కూడా వస్తున్నాయి. ఇవి కథల పుస్తకాలు కావు. కథల్లో వచ్చే మనుషుల జాబితాలు. అయినా కొందరు పిల్లలు కథలు పక్కన పెట్టి వీటిని గంటల తరబడి పట్టుకు కూర్చుంటారు. ఎవరి బలం ఎంత, ఎవరు ఎవరికి చెల్లెలు, ఎవరు ఏ సంవత్సరంలో వచ్చారు, అన్నీ నోటికి చెప్పేస్తారు.

"మా అమ్మాయికి వీటిలో ఏది కొనమంటారు?" అని కొందరు శ్రోతలు అడిగారు. చివర్లో చెబుతాను. అయితే ఏది కొన్నా అందులో ఒక గడి ఉందో లేదో చూసుకోవాలి. ఈ ఎపిసోడ్ అంతా ఆ గడి గురించే.

ముందుగా మాట గురించి ఒక మాట. తెలుగులో హీరోయిన్ అంటే మనకి సినిమా హీరోయినే గుర్తొస్తుంది. కథ హీరోది, పాటల్లో ఆమె పక్కన ఉంటుంది. నేను ఇక్కడ సూపర్‌హీరోయిన్ అంటున్నది ఆ అర్థంలో కాదు. కథ తనదే అయిన మనిషి. కామిక్స్‌లో కూడా ఈ రెండు అర్థాల మధ్య చాలా ఏళ్లు పేచీ నడిచింది. గైడ్లు తిరగేస్తే అది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

1983లో మార్వెల్ కంపెనీ "అఫీషియల్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ది మార్వెల్ యూనివర్స్" అని ఒక సిరీస్ మొదలుపెట్టింది. మార్క్ గ్రూన్‌వాల్డ్ అనే ఎడిటర్ దాని వెనకున్న మనిషి. మొత్తం 15 సంచికలు. అక్షరక్రమంలో ఒక్కో పాత్రకి ఒక ఎంట్రీ. 13, 14 సంచికలు చనిపోయిన, తెరమరుగైన పాత్రలకి. చివరిది ఆయుధాలకి, యంత్రాలకి. ఇవాళ మనం చూస్తున్న గైడ్లలో చాలావాటి పద్ధతి దీని దగ్గర నేర్చుకున్నదే.

ఎంట్రీలో ఏముంటుందంటే: అసలు పేరు, వృత్తి, పుట్టిన ఊరు, పెళ్లయిందా లేదా, తెలిసిన బంధువులు ఎవరు, ఏ బృందంలో ఉంది, మొదట ఏ సంచికలో కనబడింది. ఆ తర్వాత ఎత్తు, బరువు, కళ్ల రంగు, జుట్టు రంగు. ఆపైన బలం ఎంత, శక్తులేమిటి.

ఇది వింటుంటే మీకేం గుర్తొస్తోంది? నాకైతే మన పెళ్లి సంబంధాల బయోడేటా గుర్తొచ్చింది. ఎత్తు, రంగు, ఉద్యోగం, సొంత ఊరు, తండ్రి పేరు, తోబుట్టువులు. గోత్రం, నక్షత్రం ఒక్కటే తక్కువ. అయితే ఒక న్యాయం ఒప్పుకోవాలి. హ్యాండ్‌బుక్‌లో మగవాళ్లకీ ఇవే గడులు. స్పైడర్‌మ్యాన్‌కీ బంధువుల జాబితా ఉంది, బరువు ఉంది. ఆ లెక్కన అది సమానంగానే చూసింది.

కానీ గడులు సమానమైనంత మాత్రాన అందులో నింపేది సమానం కాదు కదండీ. ఉదాహరణకి సూ స్టార్మ్‌ని తీసుకుందాం. ఫెంటాస్టిక్ ఫోర్ మొదటి సంచికలో, 1961లో, కంటికి కనబడకుండా మాయమైపోయే అమ్మాయిగా వచ్చింది. పేరు ఇన్విజిబుల్ గర్ల్. 1964లో, 22వ సంచికలో, ఆమెకి కనబడని కవచాలు సృష్టించే శక్తి కూడా వచ్చింది. ఆ నలుగురిలో అసలు బలమైనది ఈమేనని వాదించే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. 1965లో పెళ్లి, 1968లో కొడుకు పుట్టాడు. అయినా 1983 హ్యాండ్‌బుక్ వచ్చేసరికి ఆవిడ పేరు ఇంకా "గర్ల్" అనే ఉంది. ఇన్విజిబుల్ ఉమన్ అని పేరు మారింది 1985లో, జాన్ బర్న్ రాసి గీస్తున్నప్పుడు, 284వ సంచికలో. మొత్తం 24 ఏళ్లు పట్టింది.

ఇక బలం గడి. కండబలం మామూలుగా ఉండే పాత్రలకి హ్యాండ్‌బుక్ ఒక అచ్చు వాక్యం పెట్టుకుంది. తన వయసు, ఎత్తు, శరీర నిర్మాణం ఉండి రోజూ వ్యాయామం చేసే మనిషికి ఎంత బలం ఉంటుందో అంతే అని దాని సారాంశం. మగవాళ్లకీ అదే వాక్యం. సూ విషయంలో అది అబద్ధం కాదు. కానీ ట్యాంకు వచ్చి గుద్దినా చెక్కుచెదరని గోడని గాలిలో నిలబెట్టగల మనిషి గురించి పిల్లలు ముందు చూసేది ఆ బలం గడే. ఆ గడికి ఎత్తగల బరువు మాత్రమే తెలుసు. ఏ గడి పెట్టామన్నదాన్ని బట్టే ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది తేలిపోతుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అన్ని వివరాలున్న ఆ ఎంట్రీలో ఈ పాత్రని ఎవరు రాశారు, ఎవరు గీశారు అన్న గడి లేదు. మొదటి సంచిక నంబరు ఉంది. ఆ సంచిక వెనకున్న మనుషులు లేరు. లేని మనిషి బరువు పౌండ్లతో సహా తెలుసు. ఉన్న మనిషి పేరు తెలియదు. పోయింది ఆడవాళ్ల పేర్లే కాదు, మగవాళ్ల పేర్లూ పోయాయి. కానీ ఆడవాళ్ల పేర్లు అంతకుముందే ఇంకో రెండు మూడు చోట్ల పోయి ఉన్నాయి కాబట్టి, ఇక్కడ కూడా పోతే మిగిలేదేమీ లేదు.

దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ వండర్ ఉమన్. 1941 చివర్లో ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో వచ్చింది. రాసింది విలియం మౌల్టన్ మార్స్టన్ అనే సైకాలజిస్టు, గీసింది హెచ్.జి. పీటర్. కథల మీద చార్లెస్ మౌల్టన్ అనే కలం పేరు ఉండేది. గైడ్లలో ఆమె శక్తులు, కంకణాలు, నిజం చెప్పించే తాడు, అదృశ్య విమానం అన్నీ వివరంగా ఉంటాయి.

1944లో న్యూయార్క్‌లోని క్యాథరిన్ గిబ్స్ సెక్రటేరియల్ స్కూల్లో మార్స్టన్ సైకాలజీ చెప్పేవాడు. తన క్లాసులో ఒక అమ్మాయి జవాబులు చూసి, నా దగ్గర కథలు రాస్తావా అని అడిగాడు. ఆ అమ్మాయి పేరు జాయ్ హమ్మెల్. అప్పటికి ఇరవై ఏళ్ల పిల్ల. అదే ఏడాది మార్స్టన్‌కి పోలియో వచ్చింది. ఆయన మంచాన పడ్డాక కథల భారం ఆమె మీద ఇంకా పెరిగింది. 1947లో ఆయన పోయారు. అదే ఏడాది ఆమె పెళ్లి చేసుకుని ఆ పని వదిలేసింది. అప్పటికి 70కి పైగా స్క్రిప్టులు రాసింది. వాటి మీద పడిన పేరు మాత్రం చార్లెస్ మౌల్టన్.

అంటే వండర్ ఉమన్‌కి మొదటి ఆడ రచయిత, ఆ పాత్ర పుట్టిన మూడేళ్లకే వచ్చేసింది. ఆ సంగతి మామూలు పాఠకులకి చేరడానికి చాలా దశాబ్దాలు పట్టింది. చరిత్రకారిణి జిల్ లెపోర్ 2014లో వండర్ ఉమన్ చరిత్ర మీద పుస్తకం రాస్తూ ఆమెతో మాట్లాడింది. 2018లో శాన్ డియాగో కామిక్-కాన్‌లో బిల్ ఫింగర్ అవార్డు ఇచ్చారు. అప్పటికి ఆమెకి 94 ఏళ్లు. 2021లో కన్నుమూశారు. ఆ అవార్డు పేరు కూడా గమనించండి. బ్యాట్‌మ్యాన్‌ని రూపుదిద్దడంలో సగం చేయి ఉండి, బతికున్నంతకాలం అధికారికంగా పేరు పడని రచయిత బిల్ ఫింగర్. ఆయన 1974లో పోతే, పేరు వేయడం 2015లో మొదలైంది. పేరు దక్కనివాడి పేరు మీద, పేరు దక్కనివాళ్లకి ఇచ్చే అవార్డు అది.

వండర్ ఉమన్ కంటే కొన్ని నెలల ముందే, 1941 ఏప్రిల్‌లో, వార్తాపత్రికల ఆదివారం పేజీల్లో మిస్ ఫ్యూరీ అనే పాత్ర వచ్చింది. మార్లా డ్రేక్ అనే డబ్బున్న అమ్మాయి, నల్ల చిరుతతోలు దుస్తులు వేసుకుని నేరస్థుల వెంటపడుతుంది. దాన్ని రాసిందీ గీసిందీ ఒక్కరే, టార్పే మిల్స్. అసలు పేరు జూన్ మిల్స్. జూన్ అని పెడితే ఆడమనిషని తెలిసిపోతుందని ఆ పేరు తీసేసి, మగో ఆడో తేలని టార్పే అన్న పేరు ఉంచుకుంది. ఇది చదివినప్పుడు నాకు మన వారపత్రికల రోజులు గుర్తొచ్చాయి. తెలుగులో ఒకప్పుడు రచయిత్రుల సీరియల్స్‌కి ఉన్న గిరాకీ చూసి కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాశారు. అక్కడ జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. రెండు చోట్లా కారణం ఒక్కటే. ఏ పేరుతో అమ్ముడవుతుందో ఆ పేరు.

ఇంతకీ మొదటి సూపర్‌హీరోయిన్ ఎవరు? గైడ్లలో దీనికి ఒక్క జవాబు దొరకదు. 1940 ఫిబ్రవరిలో జంగిల్ కామిక్స్ 2వ సంచికలో ఫాంటోమా వచ్చింది. అడవిని కాపాడే మాయావి. కోపం వస్తే ముఖం పుర్రెలా మారిపోతుంది. ఫ్లెచర్ హ్యాంక్స్ సృష్టి. శక్తులుంటే చాలనుకునే వాళ్లు ఈమె మొదటిదంటారు. కొందరికి ముసుగు, దుస్తులు కావాలి. ఆడమనిషి సృష్టించిన మొదటి ముసుగు వీరురాలు కావాలంటే మిస్ ఫ్యూరీ. ఇవాళ్టికీ అందరికీ గుర్తున్నది కావాలంటే వండర్ ఉమన్. గైడ్ రాసేవాళ్లు మొదట నిర్వచనం ఎంచుకుంటారు, తర్వాత చరిత్ర దానికి తగ్గట్టు కూర్చుంటుంది.

ఇప్పుడు 1977కి వద్దాం. స్టాన్ లీ "ది సూపర్‌హీరో ఉమెన్" అని ఒక పుస్తకం తెచ్చాడు. ఒక్కో పాత్రకి ముందు తన పరిచయం, తర్వాత ఆ పాత్ర పాత కథ. అదే వరుసలో 1974లో హీరోల పుట్టుక గురించి ఒకటి వచ్చింది, 1975లో దానికి కొనసాగింపు, 1976లో విలన్ల మీద. ఆడవాళ్ల వంతు ఆ తర్వాత. విలన్లకి పీట వేశాక మిగిలిన విస్తరి అన్నమాట. అయినా అలాంటి పుస్తకం రావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆ పుస్తకంలో "ది క్యాట్" కథ ఒకటుంది. 1972లో మార్వెల్ మూడు ఆడ పాత్రలతో మూడు పత్రికలు మొదలుపెట్టింది: ది క్యాట్, నైట్ నర్స్, షానా. మూడింటికీ ఆడవాళ్లనే రచయితలుగా పెట్టింది. క్యాట్ రాసింది లిండా ఫైట్, మొదటి సంచిక గీసింది మేరీ సెవరిన్. క్యాట్, నైట్ నర్స్ నాలుగేసి సంచికలకి ఆగిపోయాయి, షానా ఐదుకి. గైడ్‌లో వెతికితే పాత్ర దొరుకుతుంది. ఆ ముగ్గురు రచయితలకి ఒకేసారి అవకాశం వచ్చి ఏడాది తిరక్కుండానే పోయిన సంగతి ఏ గడిలో దొరుకుతుంది?

ఈ గడిని పట్టుదలగా నింపిన మనిషి ట్రీనా రాబిన్స్. 1938లో పుట్టారు, 2024 ఏప్రిల్‌లో పోయారు. ఆవిడ స్వయంగా చిత్రకారిణి. 1970లో పూర్తిగా ఆడవాళ్లే చేసిన మొదటి అమెరికన్ కామిక్ బుక్ తెచ్చినవాళ్లలో ముఖ్యురాలు. 1986లో వండర్ ఉమన్ సిరీస్ ఒకటి గీశారు. అసలు ఆడవాళ్లు కామిక్స్ గీసేవారు కాదని అందరూ అంటుంటే, పాత పత్రికలు తిరగేస్తూ పేర్లు పట్టుకుని మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లారు. 1985లో క్యాథరిన్ యెరన్‌వుడ్‌తో కలిసి "ఉమెన్ అండ్ ది కామిక్స్", 1996లో "ది గ్రేట్ ఉమెన్ సూపర్‌హీరోస్" రాశారు. ఇందులో పాత్ర ఎంత ముఖ్యమో చేసిన చేయి కూడా అంత ముఖ్యం.

ఆవిడ అలా వెతికి పట్టుకున్నవాళ్లలో లిలీ రెనే ఒకరు. వియన్నాలో యూదు కుటుంబంలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని, పిల్లల్ని తరలించే రైల్లో ఇంగ్లండ్ చేరి, అక్కడి నుంచి న్యూయార్క్ వచ్చిన అమ్మాయి. యుద్ధంలోకి మగవాళ్లు వెళ్లిపోతే ఫిక్షన్ హౌస్ అనే కంపెనీ ఆడ చిత్రకారుల్ని తీసుకుంది. అక్కడ ఈమె సెన్యోరీటా రియో అనే గూఢచారి పాత్రని గీసింది. ఆ పాత్ర పని నాజీలతో పోరాటం! బొమ్మల మీద ఎల్. రెనే అని సంతకం. చదివేవాళ్లు ఆయన అనుకున్నారు. ట్రీనా వెతికి పట్టుకున్న తర్వాత 2007లో ఆమె శాన్ డియాగో కామిక్-కాన్‌కి వచ్చారు. 2022లో పోయినప్పుడు ఆమెకి 101 ఏళ్లు. సెన్యోరీటా రియో ఎంట్రీ మీద ఈ నాలుగు వాక్యాలు లేకపోతే అది తుపాకి పట్టుకున్న ఇంకో అందమైన బొమ్మ. ఈ నాలుగు వాక్యాలుంటే అదే బొమ్మ, ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన పిల్ల నాజీలకి ఇచ్చిన జవాబు.

కంపెనీలకి తమ జాబితాలో నుంచి పాత్రల్ని కొట్టేసే హక్కు కూడా ఉంది. 1985 నుంచి 1987 దాకా డీసీ "హూస్ హూ" పేరుతో 26 సంచికల డైరెక్టరీ వేసింది. అది అచ్చవుతుండగానే ఇంకో పక్క కంపెనీ తన లోకాన్నంతా సర్దేస్తోంది. 1959 నుంచి ఉన్న సూపర్‌గర్ల్‌ని 1985లో చంపేసి, ఆ తర్వాత ఆమె అసలు పుట్టనే లేదన్నట్టు చరిత్ర తిరగరాశారు. కారా జోర్-ఎల్‌గా మళ్లీ వచ్చింది 2004లో. పాత గైడ్లు అటకెక్కించకుండా దాచుకోవాలని నేననేది ఇందుకే. కంపెనీ మర్చిపోదామనుకున్నది పాత కాగితం గుర్తుంచుకుంటుంది.

1999లో గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు ఇంకో రకం జాబితా తయారుచేసింది. కామిక్స్‌లో చంపేసిన, హింసించిన, శక్తులు లాగేసిన ఆడ పాత్రల జాబితా. 1994లో గ్రీన్ లాంటర్న్ కథలో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో పెడతారు. ఆ దృశ్యం నుంచే జాబితాకి పేరు వచ్చింది. ఆమె వేసిన ప్రశ్న ఒక్కటే: హీరోకి కోపం తెప్పించడానికి ఇంతమంది చావాలా? ఒక్కో కథ చదివితే ఏదో కారణం కనబడుతుంది. వరుసగా పేర్లు రాస్తే అలవాటు కనబడుతుంది. జాబితాకి ఉన్న శక్తి అది. తర్వాత సిమోన్ తనే రచయిత అయ్యి బర్డ్స్ ఆఫ్ ప్రే, వండర్ ఉమన్ రాసింది.

ఆ బర్డ్స్ ఆఫ్ ప్రేలో ముఖ్య పాత్ర బార్బరా గోర్డన్. 1967లో బ్యాట్‌గర్ల్‌గా వచ్చింది, వృత్తికి లైబ్రేరియన్. 1988లో ఒక కథలో జోకర్ ఆమెని కాలుస్తాడు, వాళ్ల నాన్నని పిచ్చివాణ్ని చేయడానికి. నడుం కింద చచ్చుబడిపోతుంది. అక్కడితో వదిలేయడం నచ్చక కిమ్ యేల్, ఆమె భర్త జాన్ ఆస్ట్రాండర్ 1989లో ఆమెని ఆరకిల్‌గా తీసుకొచ్చారు. చక్రాల కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ల ముందు, హీరోలందరికీ సమాచారం అందించే మనిషి. లైబ్రేరియన్ పోయి తనే ఒక నడిచే... కాదు, కూర్చున్న చోటి నుంచే లోకాన్ని నడిపే రిఫరెన్స్ గ్రంథం అయ్యింది. కిమ్ యేల్ పేరు మీ గైడ్‌లో ఉందేమో చూడండి.

ఇక కొనడం సంగతి. పెద్దవాళ్లకి, హైస్కూల్ పిల్లలకి హోప్ నికల్సన్ 2017లో రాసిన "ది స్పెక్టాక్యులర్ సిస్టర్‌హుడ్ ఆఫ్ సూపర్‌ఉమెన్" మొదట చెబుతాను. దశాబ్దాల వారీగా నడుస్తుంది, పాత్రని ఎవరు సృష్టించారో కూడా చెబుతుంది, పెద్ద కంపెనీల బయట ఉన్న పాత్రల్నీ కలుపుకుంటుంది. 1940ల మరుగునపడ్డ పాత్రల అసలు కథలే చదవాలంటే మైక్ మాడ్రిడ్ 2013లో తెచ్చిన "దీవాస్, డేమ్స్ అండ్ డేర్‌డెవిల్స్". ట్రీనా రాబిన్స్ 1996 పుస్తకం పాత పుస్తకాల షాపుల్లో వెతకాలి, లేదా మీ లైబ్రరీలో ఇంటర్‌లైబ్రరీ లోన్ అడగండి. చిన్నపిల్లలకి డీకే వాళ్ల 2018 "ఫియర్‌లెస్ అండ్ ఫెంటాస్టిక్" లాంటివి బొమ్మలతో కళకళలాడతాయి.

కంపెనీ బొమ్మల గైడ్ ఏది కొన్నా ఒక పని చేయండి. మీ అమ్మాయితో కూర్చుని కమలా ఖాన్ పేజీ తీయండి. 2014 నుంచి మిస్ మార్వెల్. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబంలోని పిల్ల. ఇంట్లో అమ్మానాన్నల ఆంక్షలు, బయట స్కూలు. ఆ ఇల్లు మన పిల్లలకి కొత్తేమీ కాదు. శక్తులు ఏమున్నాయో పుస్తకం చెబుతుంది. పక్కన ఖాళీ ఉంటే పెన్సిల్‌తో రాయించండి: సనా అమానత్, జి. విల్లో విల్సన్, అడ్రియన్ అల్ఫోనా. సనా అమానత్ న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ అమెరికన్ ఎడిటర్. తన చిన్ననాటి కబుర్లలోంచే ఆ పాత్ర ఆలోచన మొదలైంది. వండర్ ఉమన్ పేజీకి వెళ్లి జాయ్ హమ్మెల్ అని రాయించండి. లైబ్రరీ పుస్తకమైతే మాత్రం వేరే కాగితం మీద రాయండి, ఫైన్ పడుతుంది.

ఎందుకింత శ్రమ అంటే, సూపర్‌హీరో అవుతానని కలలు కనే పిల్లకి ఎగిరే శక్తి రాదు. రాసే చేయి, గీసే చేయి మాత్రం రావచ్చు. అలాంటి చేతులు ముందే ఉన్నాయని ఆ పిల్లకి తెలియాలి.

మీ ఇంట్లో పాత గైడ్లు ఏమైనా ఉంటే, అందులో ఎవరి పేరు లేదో కనిపెడితే, మాకు రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. అంతవరకు సెలవు.